తీసిన ఫొటో ఇచ్చి రండి

సొంత ఊరు వదిలి వచ్చినవాడికి వారంలో ఆరు రోజులు పనిలో పడి తెలియకుండానే గడిచిపోతాయి. ఏడో రోజే గడవదు. నేను తణుకు నుంచి రాజపాళయం వచ్చి ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ పనిలో చేరిన కొత్తలో, ఆదివారం పొద్దున్నే బట్టలు ఉతికి ఆరేసేసరికి ఎనిమిదయ్యేది. అమ్మతో ఫోన్లో మాట్లాడితే పది నిమిషాలు. మెస్సులో భోజనానికి ఇంకో అరగంట. మిగతా పొద్దంతా గది గోడలు చూస్తూ కూర్చోవడమే. ఆ ఖాళీ భరించలేకే సెకండ్ హ్యాండ్‌లో ఒక కెమెరా కొన్నాను.

మీరుండేది డల్లాస్ కావచ్చు, దోహా కావచ్చు, నాలాగా పక్క రాష్ట్రంలో ఒక మిల్లుల ఊరు కావచ్చు. చేతిలో మంచి కెమెరా ఉన్నా, మామూలు ఫోనే ఉన్నా, ఈ అధ్యాయంలో చెప్పే పని ఒక్కటే. వినడానికి చాలా చిన్నది. నా మట్టుకు నాకు ఈ ఊళ్ళో కాలు నిలదొక్కుకునే దారి చూపించింది అదే.

మొదటి మూడు నెలలూ అందరూ చేసే పనే నేనూ చేశాను. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాను. పడమర దిక్కున పడమటి కనుమలు గోడలా నిలబడి ఉంటాయి. ముడంగియార్ రోడ్డు పట్టుకుని వెళ్తే ఆరో మైలు దగ్గర ఊరికి తాగునీళ్ళిచ్చే జలాశయం, దాని పైన అయ్యనార్ కోయిల్ జలపాతం. ఇంకో ఆదివారం బస్సెక్కి శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళి, పదకొండు అంతస్తుల గోపురం, 192 అడుగుల ఎత్తుది, మెడ నొప్పి పుట్టేదాకా తీశాను. మూడు నెలలు నిండేసరికి 1,400 ఫొటోలు పోగయ్యాయి. ఒక రాత్రి కూర్చుని అన్నీ చూశాను. కొండలున్నాయి, నీళ్ళున్నాయి, గోపురాలున్నాయి. నా వంక చూస్తున్న మనిషి ఒక్కరూ లేరు. అక్కడక్కడా పడిన మనుషుల్లో ఏ ఒక్కరి పేరూ నాకు తెలియదు.

ఆ తరువాతి ఆదివారం పడమటి కొండలవైపు వెళ్ళలేదు. ఊరికి తూర్పున ఉన్న సంజీవి మలై గుట్ట దారిలో నడిచాను. ఆ దారిలో ఒక మలుపు దగ్గర, అరుగు మీద గోనెపట్టా పరుచుకుని ఒక పెద్దావిడ మల్లెలు కడుతోంది. అడిగితే తలూపింది. మొహం దగ్గరగా వచ్చేట్టు నాలుగు తీశాను. ముడతలు, ముక్కుపుడక, పక్కనుంచి పడుతున్న పొద్దుటెండ. బాగా వచ్చిందని నాకు నేనే సంతోషపడి కదలబోతుంటే అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. నేను మాట్లాడి పెట్టేసేదాకా ఆవిడ ఆగి, తెలుగులో అడిగింది: "తీసినావే, నాకు ఇయ్యవాప్పా?"

ఇయ్యకపోవడమేమిటి అన్నాను. మాటిచ్చానే గానీ, ఫొటోను కాగితం మీద ఎక్కించి మనిషి చేతిలో పెట్టాలన్న ఆలోచన నాకు అంతకుముందు రానేలేదు. బుధవారం షిఫ్టు దిగాక బజారులో ఒక స్టూడియోకి వెళ్ళి ఆరించీల పొడవు, నాలుగించీల వెడల్పు ప్రింటు వేయించాను. ఆదివారం పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ తడిచేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. రెండు బొటనవేళ్ళతో అంచులు మాత్రం పట్టుకుని, ఎండ పడేట్టు వంచి చాలాసేపు చూసింది. చూసి, "నా చేతులేవి?" అంది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆవిడ యాభై ఏళ్ళుగా చేస్తున్న పని చేతుల్లో ఉంది. నేను మొహం తీసుకుని వచ్చేశాను. ఆ రోజు మళ్ళీ కూర్చుని చేతులు తీశాను. అరటినారను ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య బిగించి, కుడిచేత్తో రెండు మొగ్గలు ఇటు, రెండు మొగ్గలు అటు పెట్టి, నారను మెలితిప్పి లాగుతుంది. లాగే చోట చేయి కనపడనంత వేగం. షట్టర్ వేగం సెకనులో 30వ వంతు పెడితే వేళ్ళు పొగలా వచ్చాయి. 250వ వంతు పెడితే నిలిచాయిగానీ ఆ చురుకు పోయింది. చివరికి 60వ వంతు దగ్గర, ఎడమచేయి నిలకడగా, కుడిచేయి కొంచెం చెదిరి, ఆవిడ పని ఆవిడ పనిలా కనపడింది. మూడో ఆదివారం అది ఇచ్చాను. ఈసారి పక్కన ఇస్త్రీబండి ఆయన్ని పిలిచి చూపించింది. ఆయన తనకూ ఒకటి కావాలన్నాడు.

ఇదే ఆ పని. ఆదివారం తీసినవాటిలో ఒక్కటి ఎంచుకోండి. వారం మధ్యలో ప్రింటు వేయించండి. మళ్ళీ ఆదివారం ఎవరిదో వాళ్ళకు చేతికిచ్చి రండి. వాట్సాప్‌లో పంపితే సరిపోదా అని నన్ను చాలామంది అడిగారు. సరిపోదు. పంపిన ఫొటోకి మీరు మళ్ళీ వెళ్ళనక్కర లేదు. ప్రింటుకు వెళ్ళి తీరాలి. ఫొటో తియ్యడానికి వెళ్ళినప్పుడు మీరు దారినపోయేవాళ్ళు, ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు. రెండోసారి వెళ్ళినప్పుడే "ఏ ఊరు, ఎవరబ్బాయివి, తిన్నావా" అని అడుగుతారు. ఊరుకాని ఊళ్ళో మనం మొహం వాచి ఉండేది ఆ మూడు ప్రశ్నలకే.

పైగా మీ ఫొటోకు అంతకన్నా మంచి విమర్శకులు దొరకరు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్లో వేసే గుండె బొమ్మలు మీకు ఏమీ నేర్పవు. ఫొటోలో ఉన్న మనిషి మాత్రం తన బతుకులో ఏది ముఖ్యమో మీరు పట్టుకున్నారా లేదా అన్నది చూడగానే చెప్పేస్తాడు. ఇస్త్రీ ఆయన తన ఫొటోలో బొగ్గుల పెట్టె మూత తెరిచి ఉండాలన్నాడు. నిప్పు కనపడాలట. ఆయన చెప్పేదాకా నాకు నిప్పు కనపడనే లేదు.

ప్రింటు విషయంలో ఒక జాగ్రత్త. ఫోన్లు మామూలుగా 4:3 కొలతలో తీస్తాయి. ప్రింటు కాగితం 3:2 కొలత. నిలువుగా తీసిన ఫోన్ ఫొటోని ఆ కాగితానికి సరిపెట్టేటప్పుడు రెండు పక్కలా కోతపడుతుంది. అడ్డంగా తీసినదానికి పైనా కిందా పడుతుంది. బృందంగా నిలబెట్టి తీస్తే చివరివాళ్ళ భుజాలు, పై వరుస తలలు పోతాయి. మిల్లు గేటు బయట తోటివాళ్ళను ఆయుధపూజ నాడు తీసి నేనిలాగే ఒకరి నుదురు పోగొట్టాను. ఆ బొట్టు పెట్టిన నుదురే పండగ. చుట్టూ వేలెడు జాగా వదిలి తియ్యండి, లేదా కోత ఎక్కడ పడాలో మీరే చూసి ఇవ్వండి.

ఇక వెలుగు సంగతి. పుస్తకాలన్నీ పొద్దువాలే వేళ బంగారు వెలుగు అంటాయి. మీరుండే ఊరు ఒప్పుకోవాలి కదా. రాజపాళయానికి పడమట కనుమలుండటం వల్ల పంచాంగంలో సూర్యాస్తమయం వేళకు చాలా ముందే సూర్యుడు కొండ వెనక్కు దిగిపోతాడు. వీధిలో నీడ పరుచుకుంటుంది, రంగులు చప్పబడతాయి. నేను నెల రోజులు సాయంత్రాలు తిరిగి విసిగిపోయాక గానీ ఈ సంగతి బుర్రకెక్కలేదు. ఈ ఊరి వెలుగు పొద్దుటిది. సంజీవి మలై ఎక్కి పడమటికి తిరిగి నిలబడితే, వెనకనుంచి వచ్చే తొలిపొద్దు ముందు కొండల తలలకు తగిలి, మెల్లగా కొబ్బరితోటల మీదికి, ఆపైన ఇళ్ళ మీదికి దిగుతుంది. జూన్, జూలైల్లో కేరళవైపు వానలు పడుతుంటే మబ్బు ఆ కొండ అంచు మీంచి ఇటు పొంగుతుంది, ఇక్కడ చినుకు పడకపోయినా. ఈ ఊరి అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జలపాతం నిండుగా చూడాలన్నా అప్పుడే.

ఇంకొకటి, తణుకులో నేనెప్పుడూ ఇంత స్పష్టంగా చూడనిది. రాజపాళయం తొమ్మిదిన్నర డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ నడుమ ఒకసారి, ఆగస్టు చివర ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గడియారంలో పన్నెండూ ఇరవై ప్రాంతం. ఆ నిమిషంలో కరెంటు స్తంభానికి నీడ ఉండదు. మనిషి నీడ చెప్పుల కిందే ఉంటుంది. మొహాలు తియ్యడానికి అంతకన్నా పాడువేళ లేదు, కళ్ళు గుంటల్లా వస్తాయి. నేనా రోజు నీడలేని వస్తువులు తీశాను: సైకిలు, బిందెల వరుస, ఎద్దుబండి. మీ ఊరి అక్షాంశం తెలుసుకుని మీకు అలాంటి రోజు ఉందేమో చూసుకోండి. హైదరాబాదుకు మేలో, ఆగస్టులో ఉంది. డల్లాస్‌కు అసలు లేదు, అక్కడ నడిమధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే.

ఈ ఊళ్ళో నాకు ఎక్కువ పని చెప్పినది తెలుపు. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టారు. దూది, నూలు, పంచెలు, పక్కనున్న సత్రపట్టిలో మరమగ్గాల మీద నేసే ఆసుపత్రి బ్యాండేజీ గుడ్డ, అంతా తెలుపే. పైగా ఊరి పేరు పెట్టుకున్న కుక్క కూడా తెలుపు. పాలనురగ రంగు ఒళ్ళు, గులాబీ రంగు ముక్కు. 2005లో తపాలాశాఖ నాలుగు దేశీ జాతుల కుక్కల బిళ్ళలు వేస్తే అందులో రాజపాళయం ఒకటి. కెమెరా ఏ దృశ్యాన్నయినా నడిరకం బూడిదరంగుగా లెక్కకట్టి వెలుగు కొలుస్తుంది. తెల్లకుక్కను దాని లెక్కకు వదిలేస్తే బూడిదలో పొర్లి వచ్చినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ప్లస్ ఒకటి దాకా పెంచాలి. అలాగని నడి ఎండలో పెంచితే బొచ్చు మీద గీతలన్నీ కరిగిపోయి ఖాళీ కాగితం మిగులుతుంది. నీడపట్టున, పక్కనుంచి వెలుగు పడేచోట, ప్లస్ మూడింట రెండు వంతులు, నాకు కుదిరింది అది. ఫోన్లో అయితే కుక్క మీద వేలుపెట్టి నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి చాలు.

కొలతకన్నా ముఖ్యమైనది ఆ కుక్క స్వభావం. కాపలాకు పుట్టిన జాతి, కొత్తవాళ్ళను దగ్గరికి రానివ్వదు. మొదటి వారం యజమానితో గేటు బయట మాట్లాడి వచ్చాను. రెండో వారం కెమెరా సంచిలోనే ఉంచి అరుగు మీద కూర్చున్నాను. మూడోవారం అది లేచి నిలబడి నన్ను చూసి, మళ్ళీ పడుకుంది. అప్పుడు తీశాను. మనుషుల దగ్గరా ఇదే పద్ధతి. గబగబా తియ్యకండి. పిల్లలను తీసేటప్పుడు తల్లినో తండ్రినో అడగండి. గుడి లోపల వద్దన్నచోట సంచి తెరవకండి. మిల్లు లోపల తియ్యకూడదు, నేను పదేళ్ళుగా తియ్యలేదు. గేటు బయట, షిఫ్టు వదిలాక జడల్లో దూదిపింజలతో నవ్వుతూ వచ్చే అమ్మాయిలను, వాళ్ళు సరేనన్నాక తీశాను. ఎవరి ప్రింట్లు వాళ్ళకే ఇచ్చాను, ఒక్కటి కూడా ఎక్కడా పెట్టలేదు. ఇచ్చినమాట అది.

అడవి గురించి రెండు మాటలు. ఇక్కడి అడవిలో బూడిదరంగు పెద్ద ఉడుత ఉంటుంది, చెట్ల కొమ్మలు ఒకదానికొకటి ఆనేచోటే తిరుగుతుంది, నేలకు దిగడం తక్కువ. దానికోసమే 1988లో శ్రీవిల్లిపుత్తూరు అభయారణ్యం ఏర్పడింది. 2021లో ఆ ప్రాంతమంతా శ్రీవిల్లిపుత్తూరు మేగమలై పులుల అభయారణ్యమైంది. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టకండి. వానరోజుల్లో వాగులో దిగకండి. కొండమీద వాన కిందికి కనపడదు, నీళ్ళు మాత్రం వస్తాయి.

పరికరాల కోసం జీతం తగలెయ్యకండి అని కూడా చెప్పాలి. తిరునెల్వేలిలో 1912లో పుట్టిన ఎం. కృష్ణన్ మనదేశపు అడవి జంతువులను నలుపు తెలుపుల్లోనే తీశారు. ఏవేవో భాగాలు తెచ్చి తనే జతచేసుకున్న కెమెరాకు సూపర్ పాండెరోసా అని పేరు పెట్టుకున్నారు. ప్రకృతి మీద ఆయన పత్రికా శీర్షిక 1950 నుంచి 1996లో చనిపోయేదాకా నడిచింది. లెన్సు మారుద్దామని చెయ్యి దురదపెట్టినప్పుడల్లా నేను ఆయన ఫొటోలు చూస్తాను.

మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఇంకో గురువు ఉన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యద కథ జరిగిన విల్లిపుత్తూరు నా గదికి పది పన్నెండు కిలోమీటర్లు. అందులో ఊరిని వర్ణిస్తూ రాయలు ఒక తెల్లవారుజాము చూపిస్తాడు. పొలం కాలువల్లో బాతులు తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోతున్నాయి. అవి పొద్దున్నే స్నానం చేసిపోయిన బ్రాహ్మలు పిండి మరిచిపోయిన బట్టలేమోనని, వాళ్ళ ఇళ్ళకు చేర్చుదామని కావలివాళ్ళు రేవులోకి దిగుతారు. బాతులు పరుగు తీస్తాయి. వరిచేలు కాసే ఆడవాళ్ళు నవ్వుతారు. ఇంటర్‌లో బట్టీ కొట్టిన పద్యం, ఇక్కడికొచ్చి కెమెరా పట్టాకే నాకు బొమ్మ కట్టింది. నాలాంటివాడు నిద్రపోయే బాతులను తీసి తృప్తిపడి వెళ్ళిపోయేవాడు. ఆయన అక్కడే నిలబడ్డాడు. బాతులు, వాటిని పొరబడినవాళ్ళు, ఆ పొరపాటుకు నవ్వినవాళ్ళు, మూడోది వచ్చేదాకా కదల్లేదు. అప్పటినుంచి ఒక ఫొటో తీశాక కెమెరా దించకుండా ఇరవై అంకెలు లెక్కపెడతాను. మల్లెపూల ఆవిడ నవ్వు నాకు పదిహేడో అంకె దగ్గర దొరికింది.

చివరగా భాష సంగతి. రాజపాళయంలో రాజులు తరతరాలుగా తెలుగే మాట్లాడతారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఆయన ఇచ్చేసిన ఇంట్లోనే గాంధీ కలై మండ్రం ఉంది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు, రాసినదంతా తమిళం. తెలుగువాళ్ళు దక్షిణానికి వలసవచ్చి ఊరు కట్టుకున్న కథ చెప్పిన 'గోపల్ల గ్రామం' ఆయనదే. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

ఇదంతా తెలిసి కూడా నేనొక పొరపాటు చేశాను. ఊళ్ళోనే పాతపాళెంలో ఒక రాజుల ఇంటి తాతను తిన్నెమీద కూర్చోబెట్టి ఫొటో తీసి, ప్రింటు వెనక తేదీ, ఊరు, "తాతగారికి" అని తెలుగులో ముత్యాల్లా రాసి ఇచ్చాను. ఆయన తిప్పి చూసి, కళ్ళద్దాలు సర్దుకుని, నాకే తిరిగి ఇచ్చి, "చదువప్పా" అన్నారు. ఐదొందల ఏళ్ళుగా నోట నిలిచిన భాషను ఆయన రాతలో గుర్తుపట్టలేరు. చదివి వినిపించాను. గదికి వచ్చాక రెండో తరగతి తమిళ వాచకం కొన్నాను.

అక్కడినుంచి ప్రింటు వెనక ఎవరి పేరు వాళ్ళకు తమిళంలో రాయడం పెట్టుకున్నాను. వారానికి ఒక పేరు. వారానికి మూడు నాలుగు అక్షరాలు. ఏడాది తిరిగేసరికి బస్సు బోర్డులు చదువుతున్నాను. మీరున్న దేశంలో లిపి అరబ్బీ కావచ్చు, జపనీస్ కావచ్చు, ప్రింటు వెనక పేరు వాళ్ళ లిపిలో రాయండి. తప్పు రాస్తే వాళ్ళే దిద్దుతారు. దిద్దించుకోవడానికే రాయండి.

పోయిన నెల తాతకు రెండో ఫొటో పట్టుకెళ్ళాను. వెనక ఆయన పేరు నేను రాశాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, "నీది ఏ ఊరన్నావు?" అని అడిగి, తన పేరు కింద మా ఊరి పేరు తమిళంలో రాసి, చదవమన్నారు. కూడబలుక్కుని చదివాను. "తణుగు." తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ఒంటిగా మాట మధ్యలో వస్తే గ పలుకుతుంది. "తణుగు కాదు తాతా, తణుకు" అన్నాను. ఆయన నవ్వి, ప్రింటు మోకాలి మీద పెట్టుకుని, చివరి రెండక్షరాల మధ్య ఉన్న ఇరుకులోనే ఇంకో క ఇరికించి, చుక్క పెట్టి, "ఇప్పుడు చదువు" అన్నారు.